తొమ్మిదో పన్నా

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. మా ఆయన ఆ సంగతి పెళ్లైన మర్నాడే కనిపెట్టాడు. మా అత్తగారు వారం తర్వాత ఒప్పుకుంది. పాస్టరుగారికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది, చర్చిలో నేను నోరు మూసుకుని కూర్చుంటాను కాబట్టి. కానీ ఆ ఎండాకాలం నన్ను పట్టుకున్నది నా మామూలు కోపం కాదు. అందరితోపాటు నేనూ దాన్ని కోపమనే అనుకున్నాను. దాని అసలు పేరు కుళ్లు. ఆ మాట నా నోటితో నేను అనేలోపే ఒక పిల్లని నిలువునా ముంచేశాను.

మాది తెరలు కుట్టే షాపు. కింద షాపు, పైన ఇల్లు. కిటికీ పక్కన నా మిషన్, దాని వెనక మా ఆయన ఇస్త్రీ బల్ల, మధ్యలో గదిలో సగం ఆక్రమించిన కత్తిరింపు బల్ల. షాపులో ఎంతమంది ఉన్నా ఆఖరి మాట ఆ బల్ల దగ్గర నిలబడిన మనిషిదే. ఇన్నేళ్లూ అక్కడ నిలబడింది మా అత్తయ్య. ఆవిడ తర్వాత నేనే నిలబడతానని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాను, అదీ నా తెలివి.

ఎండలు ముదిరిన వారంలోనే పెద్ద పని వచ్చింది. ఊళ్లో కొత్తగా కట్టిన నాటకాల హాలుకి వేదిక తెర. ముదురెరుపు మఖమలు, రెండు భాగాలు, ఒక్కో భాగానికి పన్నెండు పన్నాలు. పన్నా అంటే గుడ్డ తాను వెడల్పు మొత్తం ఉండేలా పొడుగ్గా కోసిన ముక్క. అలాంటివి పన్నెండు పక్కపక్కన కలిపి కుడితే సగం తెర. అంత పని మా షాపు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు అత్తయ్య అందర్నీ బల్ల చుట్టూ పిలిచింది.

"నా చేతులు వణుకుతున్నాయి. ఇంత ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టలేను," అంది. "ఇకనుంచి ఈ బల్ల పిచ్చుకది."

పిచ్చుక నా తోడికోడలు. మా మరిది లారీ నడుపుతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వాడు రెండేళ్ల క్రితం చేసుకొచ్చిన పిల్ల అది. గుప్పెడు మనిషి, పొద్దున లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుంది. ఆ పేరు పెట్టింది నేనే, అదీ ముద్దుకి కాదు.

"నేను సరిగ్గా విన్నానా అత్తయ్యా? పద్నాలుగేళ్లుగా ఇక్కడ కుడుతున్నది నేను," అన్నాను.

"అందుకేనే. నీ కుట్టు ఇంకెవరికీ రాదు. నిన్ను మిషన్ మీంచి లేపితే ఆ తెర ఎవరు కుడతారు, నీ మొగుడా?"

"నన్ను మధ్యలోకి లాగకమ్మా," అన్నాడు మా ఆయన. "నేను గుండీ కుడితే చొక్కాతోపాటు బనీను కూడా అతుక్కుంటుంది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పిచ్చుక నా దగ్గరికొచ్చి చేయి పట్టుకుంది. "అక్కా, నాకు భయంగా ఉంది. నువ్వు పక్కనుండి చెప్తావుగా?"

"నాకేం తెలుసని చెప్పను? మిషన్ తొక్కుకునేదాన్ని," అని చేయి లాక్కున్నాను.

మఖమలు గుడ్డ సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. దాని మీద సన్నటి నూగు ఉంటుంది, ఆ నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది. నూగు పైకి వాలేలా పట్టుకుంటే రంగు ముదురుగా కనిపిస్తుంది, కిందికి వాలేలా పట్టుకుంటే వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకని పన్నాలన్నీ ఒకే దిక్కుగా కుట్టాలి. ఒక్కటి తలకిందులైతే తెర మీద ఆ ముక్క వేరే గుడ్డలా తేలుతుంది. మామూలు ట్యూబులైటు కింద తెలియదు, వేదిక దీపాలు పడితే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. కోసేవాళ్లు కోసిన వెంటనే వెనకవైపు సుద్దతో పైకి బాణం గీస్తారు. కుట్టేవాళ్లు ఆ బాణం చూసుకుని కుడతారు. నాకు బాణం అక్కర్లేదు. కళ్లు మూసుకుని అరచేత్తో ఒక్కసారి నిమిరితే చాలు. ఆ సంగతి షాపులో అందరికీ తెలుసు.

ఆ గుడ్డ కోస్తున్నన్నాళ్లూ ఫ్యాన్లు ఆపేయాలి, నూగు లేచి గదంతా ఎగురుతుంది కాబట్టి. ఎండాకాలంలో, తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి, పక్కన ఇస్త్రీపెట్టె పొగలు కక్కుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెమటకి ఎర్ర నూగు అతుక్కుని మా మొహాలు రక్తాలు కారినట్టు ఉండేవి. టీ గ్లాసులో ఎరుపు, అన్నంలో ఎరుపు, తుమ్మితే ఎరుపు. వీటన్నిటి మధ్యా పిచ్చుక పాడుకుంటూ కోసేది! బల్ల ఎత్తు చాలక పీట వేసుకుని నిలబడి, కాగితం మీద ముందే లెక్క గీసుకుని, ఒక్క బెత్తెడు గుడ్డ వృథా కాకుండా కోసేది. అత్తయ్య మిగిలిన గుడ్డ చూసి "నా కాలంలో ఇంత పొదుపుగా నేను కూడా కోయలేదే!" అని మురిసిపోయేది.

నేను మాత్రం దాని తప్పుల కోసం కళ్లలో ఒత్తులు వేసుకుని చూశాను. కత్తెర పట్టే తీరు, సుద్ద అరిగే తీరు, అన్నీ చూశాను. తప్పు దొరక్కపోతే కడుపులో ఇంకా మండేది. రాత్రి మా ఆయన దగ్గర కక్కేదాన్ని.

"దానికేం తెలుసని బల్ల ఇచ్చారు?"

"బాగానే కోస్తోందిగా."

"మీరు కూడా ఆ మాటే అంటారా?"

"పొద్దున్నుంచీ ఇస్త్రీపెట్టె దగ్గర కాలుతున్నాను. ఇక్కడికొస్తే నువ్వు. కాస్త చల్లారాక మాట్లాడుకుందాం," అని అటు తిరిగి పడుకునేవాడు.

ఒక ఆదివారం పాస్టరుగారు ద్రాక్షతోట కూలీల కథ చెప్పారు. వినే ఉంటారు. పొద్దున్నే పనిలోకి దిగినవాళ్లకీ, సాయంత్రం గంట ముందొచ్చినవాళ్లకీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. పొద్దుటివాళ్లు సణుగుతారు. నీకు ఇస్తానన్నది ఇచ్చాను కదా, నేను ఇంకొకరికి మంచి చేస్తే నీకెందుకు మంట అంటాడు యజమాని. చిన్నప్పటినుంచీ ఆ కథంటే నాకు ఒళ్లుమంట. ఆ రోజు ఆగలేకపోయాను. అందరూ వెళ్లాక, కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్న పాస్టరుగారి ముందు నిలబడ్డాను.

"అయ్యగారూ, ఆ యజమాని చేసింది న్యాయమా?"

ఆయన కుర్చీ కింద పెట్టి నా మొహం చూశారు. "ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. ఎండలో రోజంతా నడ్డి విరగ్గొట్టుకున్నవాడికీ, చల్లబడ్డాక వచ్చినవాడికీ ఒకటేనా? దేవుడైతే మాత్రం లెక్క ఉండక్కర్లేదా?"

"సాయంత్రం వచ్చినవాడు పొద్దున్నుంచీ ఏం చేశాడంటావు?"

"ఏం చేస్తాడు, నీడన పడుకునుంటాడు."

"కాదమ్మా. కూలికి పిలుస్తారని ఎదురుచూసే అడ్డా మీద నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతివాడూ పక్కవాణ్ని పిలుచుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. నేను చిన్నప్పుడు మా నాన్నతో అలా నిలబడ్డాను. తోటలో ఎండకన్నా అక్కడి ఎండ ఎక్కువ. పొద్దున్నే పిలుపు అందుకున్నవాడికి రోజంతా ఒక యజమాని ఉన్నాడు. ఆ సంగతే వాడు మర్చిపోయాడు."

నాకు నచ్చలేదు. మీరంతా ఒకటే అనుకుని, నమస్కారం కూడా పెట్టకుండా మెట్లు దిగి వచ్చేశాను.

ఆ మంగళవారం పిచ్చుక రెండో భాగం పన్నాలు కోస్తోంది. ఒక్కొక్కటీ కోసి, బాణం గీసి, మడత పడకుండా చుట్టి నా పక్కన పెడుతోంది. తొమ్మిదోది కోసి సుద్ద అందుకోబోతుండగా పైనుంచి అత్తయ్య కేక వేసింది. మరిది ఫోను. ఎక్కడో దారిలో ఆగి చేశాడు, మళ్లీ ఎప్పటికి దొరుకుతాడో. సుద్ద బల్ల మీద పడేసి మెట్లు రెండేసి ఎక్కేసింది. కిందికొచ్చాక నవ్వుకుంటూ ఆ పన్నాని అలాగే చుట్టి నాకు ఇచ్చి పదోది కోయడం మొదలుపెట్టింది.

నేను మిషన్ దగ్గర దాన్ని విప్పాను. వెనకవైపు బాణం లేదు. అరచేత్తో నిమిరాను. తలకిందులుగా ఉంది.

అంత పెద్ద ముక్కనైనా తిప్పడానికి పట్టేది అరనిమిషం. "ఏయ్ పిచ్చుకా, బాణం ఏదే?" అని ఒక్క కేక వేస్తే అయిపోయేది. కేకలు నాకు కొత్తా? ఆ రోజు మాత్రం వేయలేదు. అది పీట మీద నిలబడి, మొగుడు ఫోనులో ఏమన్నాడో తలుచుకుని తనలో తను నవ్వుకుంటోంది. నేను దాని వైపు చూశాను. గుండుసూదులు దగ్గరదగ్గరగా గుచ్చాను. ఆ అంచుని ఎనిమిదో పన్నా అంచుకి కలిపి మిషన్ పాదం కిందికి తోశాను. ఒక్క చోట ముడత లేదు, ఒక్క పోగు వంకర పోలేదు. నా పద్నాలుగేళ్ల పనిలో అంత నున్నటి కుట్టు నేను ఎప్పుడూ వేయలేదు.

ప్రారంభానికి మూడు వారాల ముందు తెర కట్టి చూశారు. మేమందరం వెళ్లాం. వెళ్లేముందు నాకు తలనొప్పి అని చెబుదామనుకున్నాను, కానీ వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు. పిచ్చుక మొహం చూడాలని.

పైన దీపాలు వేశారు. ఎర్రటి తెర కుడివైపు భాగంలో, పైనుంచి కిందిదాకా ఒక చార వెలిసిపోయినట్టు తేలింది. నిచ్చెన మీదున్న దీపాల మనిషి "ఇదేంటి, ఇక్కడ పాత గుడ్డ కలిపారా?" అన్నాడు. హాలు మేనేజరు గబగబా వచ్చాడు.

"కోసింది ఎవరు?" అని అరిచాడు.

"నేనేనండీ," అంది పిచ్చుక. దాని గొంతు నాకే వినపడలేదు.

"చిన్నపిల్లల చేత చేయించే పనా ఇది? మూడు వారాల్లో ప్రారంభం! మీకు పని చేతకాకపోతే ముందే చెప్పాలి!"

అత్తయ్య నా వైపు తిరిగింది. "కుట్టేటప్పుడు చూసుకోలేదా?"

"బాణం లేదు. నాకెలా తెలుస్తుంది?" అన్నాను. అబద్ధమైనా, అందులో సగం నిజమే. సగం నిజంతో చెప్పే అబద్ధం ఎంత బలంగా ఉంటుందో!

"అక్క తప్పేం లేదు అత్తయ్యా," అంది పిచ్చుక. "బాణం గీయడం మర్చిపోయింది నేనే. ఆయన ఫోను వచ్చింది, ఆ సంబరంలో…" అని ఆగిపోయింది. పనివాళ్లందరి ముందూ, అంత పెద్ద హాలు మధ్యలో నిలబడి, ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది. నేను చూడాలనుకున్న మొహం అదే. కడుపునిండా చూశాను.

ఇంటికొచ్చాక అత్తయ్య కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది. "బల్ల నువ్వే చూసుకో," అంది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

రెండు రోజులు నేను ఆ బల్ల దగ్గర నిలబడ్డాను. పిచ్చుక నేల మీద కూర్చుని, ఒళ్లో తెర పరుచుకుని, బ్లేడుతో కుట్లు విప్పింది. దాని కిచకిచ ఆగిపోతే మా ఇంట్లో గడియారం చప్పుడు ఉందని మొదటిసారి తెలిసింది. కోరుకున్నది దొరికింది కదా, కడుపు చల్లబడాలి కదా? చల్లబడలేదు. నిన్నటిదాకా దాని మీద మంట, ఇవాళ దేని మీదో తెలియని మంట. మా ఆయన మీద అరిచాను, గుడ్డ మీద అరిచాను, కత్తెర మొద్దుబారిందని దాన్నీ తిట్టాను.

ఆదివారం చర్చిలో ప్రభువు రొట్టె పంచారు. పళ్లెం వరసలో చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. నాకు ఎడమపక్క పిచ్చుక. పళ్లెం పట్టుకుంది అదే. వాచిపోయిన కళ్లతో, నా వైపు ప్రేమగా చాపి పట్టుకుంది. ఒకరికి చేసిన అన్యాయం ఒప్పుకోకుండా ఆ రొట్టె తినకూడదని మాలో అంటారు. నా చేయి లేవలేదు. పళ్లేన్ని అలాగే కుడిపక్కకి దాటించేశాను. అటుపక్క అత్తయ్య. ఆవిడ నా మొహం కేసి చూసి అందుకుంది.

పాట మొదలవగానే లేచి బయటికొచ్చేశాను. వెనక పెరట్లో కుళాయి ఉంది. మొహం మీద నీళ్లు కొట్టుకున్నాను. అక్కడ నేను చేసింది ప్రార్థనో పోట్లాటో నాకు తెలియదు. "అడిగింది ఇచ్చావుగా! తీసుకున్నానుగా! ఇంకెందుకయ్యా ఈ మంట?" అన్నాను, పైకే అన్నాను. "దానికి అందం ఇచ్చావు, నవ్వు ఇచ్చావు, పాట ఇచ్చావు, చేతిలో లెక్క ఇచ్చావు. నాకేమిచ్చావు? ఈ కుళ్లు ఇచ్చావు!"

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇంకేం మాట్లాడను? కుళాయి కట్టేసి అక్కడి గట్టు మీద కూర్చున్నాను. ఆకాశంలోంచి గొంతులేవీ వినపడలేదు. పాస్టరుగారు చెప్పిన అడ్డా గుర్తొచ్చింది. నేను పెళ్లయి వచ్చిన వారానికే అత్తయ్య కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట, నాకు మిషన్ వేయించింది. నాకు పొద్దున్నే పిలుపు వచ్చింది. ఆ పిల్లకి అమ్మా నాన్నా లేరు. అత్త ఇంటినుంచి పిన్ని ఇంటికి, అక్కణ్నుంచి మేనమామ ఇంటికి, ఎక్కడా ఎవరూ దాని చేతికి ఒక పని ఇచ్చి ఇది నీది అనలేదు. రెండు నెలల క్రితం ఒక బల్ల దగ్గర పీట వేసుకుని నిలబడితే, ఆ పీట లాగేసింది నేను.

"ప్రభువా, ఈ కుళ్లు నేను వదిలించుకోలేను. చేతనైతే నువ్వే పీకెయ్యి," అన్నాను. నా జీవితంలో నేను మర్యాద లేకుండా చేసిన ప్రార్థన అదొక్కటే. నిజంగా చేసింది కూడా అదొక్కటేనేమో.

సోమవారం పొద్దున షాపులోకి దిగేసరికి పిచ్చుక అప్పటికే నేల మీద కూర్చుని కుట్లు విప్పుతోంది. మా ఆయన ఇస్త్రీపెట్టె వేడి చూస్తున్నాడు. అత్తయ్య దారాలు సర్దుతోంది.

"లే. అది నువ్వు విప్పక్కర్లేదు," అన్నాను.

"పర్లేదక్కా. నా తప్పేగా."

"నీ తప్పు కాదే మొద్దూ! తలకిందులుగా ఉందని తెలిసే కుట్టాను!"

క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, తిట్టినట్టే వచ్చింది. అంతకన్నా మెత్తగా నాకు చేతకాలేదు. పిచ్చుక బ్లేడు పక్కన పెట్టింది.

"చేత్తో చూసే?"

"చేత్తో చూసే. నీకు బల్ల ఇచ్చారని కుళ్లు పుట్టి చేశాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను."

అది లేచింది. గుప్పెడు మనిషి గదంతా నిండినట్టయింది. గుండుసూదుల డబ్బా తీసుకుని గోడకేసి కొట్టింది. సూదులు గదంతా చిందాయి.

"నువ్వు నాకు అక్కవా?" అని అరిచింది. అది అరవగా మేమెవరం ఎప్పుడూ వినలేదు. "నేను దేనికీ పనికిరాని దాన్నని మా వాళ్లంతా అనేవాళ్లు. నిజమే కాబోలు అనుకుని ఈ నాలుగు రోజులూ ఏడ్చాను. పారిపోదామనుకున్నాను! నువ్వు ఆ బల్ల దగ్గర నిలబడి చూశావు. చూస్తూ ఊరుకున్నావు! నాతో మాట్లాడకు. ఇంక నాతో మాట్లాడకు!"

పైకి వెళ్లిపోయింది. తలుపు వేసిన చప్పుడుకి కిటికీ అద్దం కదిలింది. మా ఆయన జీవితంలో మొదటిసారి ఏ జోకూ వేయలేకపోయాడు.

అత్తయ్య కింద కూర్చుని సూదులు ఏరడం మొదలుపెట్టింది. "నీ చేతికి తెలియకుండా ఉంటుందని నేను ఒక్క నిమిషం కూడా అనుకోలేదు," అంది తలెత్తకుండా.

నాకు మతిపోయింది. "తెలిసీ ఆ పిల్లని తిట్టనిచ్చారా? తెలిసీ నాకు బల్ల ఇచ్చారా?"

"నువ్వు గొడవ పెట్టుకుని వెళ్లిపోతే షాపు ఏమవుతుందని భయపడ్డాను. నీ కోపమంటే ఈ ఇంట్లో అందరికీ భయమే. అది చిన్నది, పడి ఉంటుందిలే అనుకున్నాను."

"పడి ఉండటానికి అదేమైనా గుడ్డముక్కా అత్తయ్యా? మనిషి కాదా? దాని తరఫున అడిగేవాళ్లు లేరనేగా!" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. అరుస్తూండగానే అర్థమైంది, రెండు నెలలుగా నా కోసమే అరుస్తున్న ఆ గొంతు మొదటిసారి ఇంకొకరి కోసం లేచిందని. అత్తయ్య కూడా అది విన్నట్టుంది. కళ్లు తుడుచుకుని, "నాదీ తప్పే. ఇద్దరం కలిసి ఏరుదాం రా," అంది.

ఆ మధ్యాహ్నమే హాలుకి వెళ్లి, దీపాల మనిషీ మిగతా పనివాళ్లూ ఉండగా, మేనేజరుకి జరిగింది చెప్పాను. ఆ పిల్ల తప్పు లేదు, చేసింది నేను అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇంటి గొడవలు నాకెందుకమ్మా? తెర ఎప్పుడొస్తుందో చెప్పండి," అన్నాడు. నా బతుకులో అతి కష్టమైన మాట చెబితే దానికి దక్కిన విలువ అది. బయటికొచ్చాక మా ఆయనకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు.

మర్నాడు పిచ్చుక కిందికొచ్చి నా మొహం చూడకుండా పీట వేసుకుని బల్ల దగ్గర నిలబడింది. నేను తొమ్మిదో పన్నా మిగతా కుట్లు విప్పి, తిప్పి, మళ్లీ కుట్టాను. మఖమలు మీద సూది దిగిన చోట గుర్తు పోదు. పాత కన్నాలు లోపలికి పోయేలా అంచు ఇంకాస్త మడిచి, గుడ్డ కదలకుండా చేత్తో దూరం కుట్లు, అదే టాకా, వేసి, ఆ తర్వాత మిషన్ వేశాను. మూడు రోజులు పట్టింది.

కుళ్లు ఒక్కరోజులో పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ వారంలోనే ఒకావిడ వచ్చి దాని కత్తిరింపు చూసి పొగిడినప్పుడు కడుపులో పాత చోటే చురుక్కుమంది. ఏయ్, మళ్లీ వచ్చావా అని నా మీద నాకే కోపమొచ్చింది. రోజూ మిషన్ మీద కూర్చునేముందు, "ప్రభువా, ఈ కిటికీ, ఈ మిషన్, ఈ పని. ఇవాళ్టికి నాకు ఇది చాలు. చాలనిపించేలా నువ్వే చెయ్యి," అనుకునేదాన్ని. కొన్ని రోజులు పళ్లు కొరుక్కుంటూ అన్నాను. కొన్ని రోజులు ఊరికే అన్నాను. ఒక రోజు కుడుతూ కుడుతూ తలెత్తితే మధ్యాహ్నం అయిపోయింది, పొద్దున్నుంచీ నేను బల్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. అంత హాయిగా ఎన్నేళ్లైందో కుట్టి.

పిచ్చుక మాత్రం మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, గుడ్డ అడిగితే ఇచ్చింది, మాట మాత్రం లేదు. దాని కోపం దాని హక్కు అని నేనూ కదిపి చూడలేదు.

హాలు ప్రారంభం రోజు సాయంత్రం మా ఇంటికి నాలుగు సీట్లు ఇచ్చారు, ఆఖరి వరసలో. అత్తయ్య, మా ఆయన ఒక పక్క, నేను, నా పక్కన పిచ్చుక. వేరే సీటు ఖాళీ లేక కూర్చుంది, నా మీద ప్రేమతో కాదు. దీపాలు ఆర్పి వేదిక మీద మాత్రం వెలిగించారు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకటే ఎరుపు. తొమ్మిదోది ఎక్కడుందో కుట్టిన నాకే ఆనవాలు దొరకలేదు.

ముందు వరసలోని పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఆహా, ఎంత బాగుందో తెర! ఎవరు చేశారో మరి," అంది.

లోపల ఏమైనా చురుక్కుమంటుందేమోనని చూసుకున్నాను. ఏమీ చురుక్కుమనలేదు.

"కోసింది మా చెల్లెలండీ, ఇదిగో ఈ పిల్లే," అన్నాను. "ఈ ఊళ్లో దాని చేతికి సాటి లేదు."

పెద్దావిడ "అవునా తల్లీ!" అని పిచ్చుక కేసి తిరిగింది. పిచ్చుక వేదిక మీంచి చూపు తిప్పలేదు. దాదాపు మూడు వారాల తర్వాత మొదటిసారి నా గురించి నోరు తెరిచింది.

"కుట్టింది ఈవిడ," అంది. "రెండుసార్లు."